దుప్పికి పన్నెండు నెలల మేత
(పెద్దాపురంలో ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

1982లో ఆగస్టు 9న ఆదివాసీల గురించి ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం మొదటిసారి జెనీవాలో కూర్చుంది. అందుకే 1994లో ఈ తేదీని మన రోజుగా ప్రకటించారు. ఏటా ఈ రోజున మనం భూమి గురించి, చదువు గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మన కుర్రాళ్ళు కొందరు నన్ను జింకల గురించి మాట్లాడమన్నారు. నవ్వకండి. దీని వెనక పెద్ద సంగతే ఉంది.

వాళ్ళు ఫోన్లో ఒక వీడియో చూపించారు. అమెరికాలో ఒక రైతు అడవి అంచున ఎకరం నేల దున్ని విత్తనాలు చల్లాడు. నెల తిరిగేసరికి ఆ చేలో జింకలు మేస్తున్నాయి. కోత కోయడు, అమ్మడు. జింకలు తినడానికే వేశాడు. దాన్ని అక్కడ ‘ఫుడ్ ప్లాట్’ అంటారు. "మన కొండల్లో కూడా ఇలా వేద్దామా?" అని మనవాళ్ళ ప్రశ్న. మంచి ప్రశ్న. దానికి నా జవాబు రెండు మాటల్లో చెప్తాను. ఆ చేను మనకు పనికిరాదు. ఆ ఆలోచన మాత్రం మనదే, మన తాతలదే. ఎలాగో వివరంగా చెప్తాను.

వాళ్ళ చేను

అమెరికాలో ఎక్కువగా ఉండేది తెల్లతోక జింక. దానికి అక్కడివాళ్ళు రెండు రకాల చేలు వేస్తారు. చలికాలానికి క్లోవర్, ఓట్లు, టర్నిప్ లాంటివి. ఎండాకాలానికి సోయా, అలసంద, ఇంకా లాబ్‌లాబ్ అనే ఒక తీగ. ఒకటి అయిపోయేసరికి ఇంకోటి అందాలి, ఏడాదిలో ఏ నెలా నోరు ఖాళీగా ఉండకూడదు అన్నది వాళ్ళ లెక్క.

లాబ్‌లాబ్ అంటే ఏమిటో తెలుసా? మన చిక్కుడే. మనం కొత్తల పండగ చేసుకుని, దేవతకు పెట్టకుండా నోట పెట్టుకోని చిక్కుడు. అలసంద అంటే మన బొబ్బర్లు. మన అమ్మమ్మలు పోడులో జొన్నల మధ్య, సామల మధ్య వేసిన గింజలే అక్కడ సంచుల్లో కట్టి, పైన జింక బొమ్మ వేసి అమ్ముతున్నారు.

అయితే వాళ్ళకూ మనకూ మూడు తేడాలున్నాయి. మొదటిది, వాళ్ళలో చాలామంది ఆ చేను వేసేది వేట కోసం. లైసెన్సు తీసుకుని, సీజన్లో కొడతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేట నిషేధం. రెండోది, అది వాళ్ళ సొంత నేల. మనది అడవి. అడవిలో నాగలి దింపితే ఉన్న గడ్డి పోతుంది, మొక్క పోతుంది, మన మీద కేసు కూడా పడుతుంది. మూడో తేడా అన్నిటికన్నా పెద్దది. అక్కడ జింక ఆకలి చలికాలంలో, మంచు కప్పినప్పుడు. మన దుప్పి ఆకలి ఎండాకాలంలో. మాఘం దాటి ఆకు రాలిన దగ్గర్నుంచి తొలకరి పడేదాకా దానికి కష్టకాలం. వాళ్ళ పంచాంగం తెచ్చి మన కొండకు తగిలిస్తే కుదరదు.

దుప్పి లేకపోతే మనకేంటి?

మన కొండల్లో చుక్కల దుప్పి ఉంది. కణితి ఉంది. కుక్కలా మొరిగే చిన్న జింక ఉంది. నాలుగు కొమ్ముల కొండగొర్రె ఉంది. కుందేలంత ఉండే మూషిక జింక ఉంది. వీటన్నిటితో పాటు అడవిదున్న. 1941లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు మన కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో ఒక పుస్తకం వేశాడు. దాని పేరు ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’. బైసన్ అంటే మన అడవిదున్న. పాపికొండలను ప్రపంచానికి పరిచయం చేసినప్పుడు ఆ జంతువు పేరుతో పరిచయం చేశాడన్నమాట. మన పేరూ దాని పేరూ ఒకే అట్ట మీద ఉన్నాయి. ఆ కొండలే 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానవనం అయ్యాయి. దాని విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లకు పైమాటే.

ఇక పులి సంగతి. ఒక పులి బతకాలంటే ఏడాదికి సుమారు 50 దుప్పులంత వేట కావాలి. ఏటా 50 పోయినా మంద తరగకుండా ఉండాలంటే ఆ చుట్టుపక్కల 500 దాకా జంతువులుండాలి. అవి లేకపోతే పులి పస్తుండదు కదా. కొట్టంలో కట్టేసిన గేదె దగ్గరికి వస్తుంది.

2022 మే నెలాఖర్లో మనకు ఇక్కడికి దగ్గరే, ప్రత్తిపాడు మండలంలో పులి తిరిగింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వారాల తరబడి పశువులను చంపింది. బోన్లు పెట్టారు, చిక్కలేదు. చివరికి అనకాపల్లి వైపు దాటిపోయింది. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం పక్కన దివాన్‌చెరువు దగ్గర చిరుత కనపడి జనం తలుపులు వేసుకున్నారు. ఎదిగిన పులి కొత్త చోటు వెతుక్కుంటూ నడుస్తుంది. అది దాని స్వభావం. నడిచే దారిలో దుప్పి ఎదురైతే దుప్పిని పడుతుంది, గేదె ఎదురైతే గేదెను పడుతుంది. ఆ గేదె ఎవరిది? కొండ కింద ఉన్న పేదవాడిది. దుప్పి కడుపు నిండితే ఆ పేదవాడి గేదె కొట్టంలో క్షేమంగా ఉంటుంది. పెద్దాపురంలో కూర్చుని జింకల గురించి మాట్లాడడానికి అదొక కారణం.

ఇంకో కారణం ఏలేరు. మన కొండల్లో పుట్టి, ఏలేశ్వరం దగ్గర జలాశయంలో నిలిచి, పెద్దాపురం, పిఠాపురం వైపు చేలకు పారే నీరు అది. కొండ మీద గడ్డి, చెట్టు ఉంటేనే ఆ నీరు నిలకడగా దిగుతుంది. దుప్పికి మేత దొరికే కొండ, రైతుకు నీరిచ్చే కొండ వేరువేరు కావు.

అడవి వేసిన చేను

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అమెరికా రైతు విత్తనాల సంచి కొని ఏడాది పొడవునా మేత అందేలా చూస్తున్నాడు. మన అడవి ఆ పనిని ఏ సంచీ లేకుండా చేస్తోంది. ఎలాగో నెలల వారీగా చూద్దాం. మీ ఇంట్లో తాతలు, నానమ్మలు ఉంటే వాళ్ళతో కూర్చుని సరిచూసుకోండి. ఒక్కో కొండకు పది, పదిహేను రోజులు అటూ ఇటూ అవుతుంది.

జ్యేష్ఠం చివర, ఆషాఢంలో తొలకరి పడగానే లేత గడ్డి లేస్తుంది. చుక్కల దుప్పికి అదే పెద్ద పండగ. శ్రావణం, భాద్రపదం దాకా గడ్డికి లోటు లేదు. పిల్లల తల్లులకు పాలు పడేది ఆ గడ్డితోనే. ఆశ్వయుజం, కార్తీకంలో గడ్డి కంకి వేసి ముదురుతుంది. ముదిరిన బోద మన ఇంటి కప్పుకు పనికొస్తుంది గాని దుప్పి నోటికి పనికిరాదు. అప్పుడవి వాగుల పక్కన తడి ఉన్న చోట పచ్చిగా ఉండే గరిక దగ్గరికి దిగుతాయి.

మార్గశిరం, పుష్యంలో ఉసిరి రాలుతుంది. రేగు పండుతుంది. తానికాయలు పడతాయి. మాఘం, ఫాల్గుణంలో బూరుగు పూలు, మోదుగ పూలు నేల మీద ఎర్రగా పరుచుకుంటాయి. గడ్డి ఎండిపోయిన ఆ రోజుల్లో తడి ఉన్న మేత ఆ పూలే. చైత్రంలో ఇప్పపువ్వు. మనం తెల్లవారకుండా బుట్ట పట్టుకుని వెళ్తాం. మనకన్నా ముందు దుప్పి, ఎలుగు వచ్చి వెళ్ళిపోయి ఉంటాయి. చైత్ర, వైశాఖాల్లో తునికి పండ్లు, మొర్రి పండ్లు. ఎండ ముదిరాక మేడి, జువ్వి, మర్రి. ఈ మూడూ ఒకే నెలలో పండవు. ఒక చెట్టు ఇప్పుడు, ఇంకో చెట్టు తరవాత. కొండలో ఏ చోటనో ఒక మర్రి పండుతూనే ఉంటుంది. అందుకే ఎండాకాలంలో అవి ప్రాణాలు నిలిపే చెట్లు. ఆ తరవాత నేరేడు రాలుతుంది. నేరేడు అయ్యేసరికి మళ్ళీ చినుకు.

చూశారా! పన్నెండు నెలలూ నిండాయి. ఇందులో ఒక్క చెట్టు తీసేస్తే ఒక నెల ఖాళీ అవుతుంది. మిగతా పదకొండు నెలలు కడుపు నిండినా, ఆ ఒక్క నెలలో మంద చిక్కిపోతుంది. చూడి దుప్పి బలహీనపడుతుంది, పిల్ల దక్కదు.

ఇందులో మరో ఇద్దరు కూలీలున్నారు. ఒకరు కొండముచ్చులు. అవి చెట్టు మీద సగం తిని సగం పారేస్తాయి. లేత ఆకు, పండు, పువ్వు కింద పడుతుంది. దుప్పి నోరు అందని కొమ్మ మీది మేతను అలా కిందికి దించుతాయి. అందుకే కొండముచ్చుల గుంపు ఉన్న చెట్టు కింద చుక్కల దుప్పులు చేరతాయి. రెండో కూలీ దుప్పే. ఉసిరికాయ మింగిన దుప్పి తరవాత నీడలో పడుకుని నెమరు వేస్తూ గింజను ఉమ్మేస్తుంది. అక్కడ ఉసిరి మొలుస్తుంది. తన పిల్లల పిల్లలకు తనే చేను వేసుకుంటోంది. మనం చేయాల్సింది ఆ చేనును తొక్కకుండా చూడడం.

మన పోడు సంగతి

పోడు గురించి బయట చాలా మాటలు విన్నారు. అడవిని నాశనం చేశారని పాఠాల్లో కూడా చదివి ఉంటారు. 1882 మద్రాసు అటవీ చట్టం తరవాత పోడుకు అడ్డుపడ్డారు. ఆ బాధ 1922 నుంచి 1924 దాకా సాగిన మన్యం పోరాటానికి ఒక ముఖ్య కారణం. ఆ చరిత్ర మీకు తెలుసు. అందులో తక్కువగా చెప్పుకున్న ఒక సంగతి చెప్తాను.

పాత పోడులో ఒక చెక్కను రెండు మూడేళ్ళు చేసి వదిలేసేవాళ్ళు. మళ్ళీ ఆ చోటికి రావడానికి ఏళ్ళు పట్టేది. వదిలిన చెక్కలో మొదట గడ్డి, తరవాత లేత చిగుళ్ళు, పొదలు లేచేవి. పెద్ద చెట్ల నీడ లేని చోట నోటికందే ఎత్తులో పచ్చిమేత. దుప్పికి, కణితికి అంతకన్నా కావలసిందేముంది? దాని చుట్టూ దట్టమైన అడవి, దాక్కోడానికి. ఇప్ప, చింత, ఉసిరి, మామిడి చెట్లను పోడు కొట్టేటప్పుడు కూడా ఉంచేసేవాళ్ళు. ఎవరూ జింకల కోసం అని చేయలేదు. తిండి కోసం చేశారు. కాని దుప్పికి చేను వేసినట్టే అయింది. ఆ ఆలోచన మన తాతలదే అని మొదట్లో అన్నది ఇందుకే.

ఇప్పుడు ఆ చక్రం ఆగిపోయింది. నేల తక్కువైంది, వదిలే ఏళ్ళు తగ్గాయి. వదిలిన చోట జీడిమామిడి వచ్చింది. జీడి మీద బతుకుతున్న కుటుంబాలను నేను తప్పు పట్టను. ఆ డబ్బుతోనే మీలో కొందరు చదువుతున్నారు. కాని జీడితోటలో గింజ ఏరడానికి కింద నేలంతా శుభ్రం చేస్తాం. దుప్పికి అక్కడ మిగిలేది ఏమీ లేదు. తోట కాని చోట లాంటానా, దాని తోడు కలుపు మొక్కలు కమ్మేశాయి. లాంటానాను ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుతో పిలుస్తారు. పులికంప అంటారు, తలంబ్రాల చెట్టు అంటారు. రంగురంగుల పూలు, చేతికి గీరుకునే కొమ్మలు. దుప్పి దాన్ని తినదు. దాని కింద గడ్డి మొలవదు. దూరం నుంచి చూస్తే కొండ పచ్చగానే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే నోట పెట్టుకునే ఆకు ఉండదు. ఇక పోలవరం జలాశయం నిండితే పాపికొండల ఒడ్డున ఉన్న అడవిలో కొంత ముంపులోకి పోతుంది. నది ఒడ్డు మేత పోయిన జంతువు పైకే ఎక్కాలి. పైన ఏముందో చూసుకోవాల్సింది మనమే.

ఇక్కడ రైతు మాట కూడా వినాలి. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొట్టే మన మామయ్యకు దుప్పి అందంగా కనపడదు. కంది చిగురు, బొబ్బర తీగ ఒక్క రాత్రిలో పోతే అతని ఏడాది పోయినట్టే. కర్నూలు వైపు రోళ్ళపాడు అని ఒక చోటుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. కాపలా వల్ల కృష్ణజింకలు బాగా పెరిగాయి. పెరిగినవి చుట్టూ ఉన్న చేల మీద పడ్డాయి. రైతులకు జింక మీద, అభయారణ్యం మీద, ఆ పిట్ట మీద కూడా కోపం వచ్చింది. ఎవరి కోసం కంచె వేశారో ఆ పిట్టే చివరికి కరువైపోయింది. అందుకని మేత పెంచుదాం అనుకున్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటి. ఏ చోట? చేనుకు దగ్గరగా మేత పెంచితే దుప్పిని చేలోకి పిలిచినట్టే. ఉచ్చు దగ్గరికి, కరెంటు తీగ దగ్గరికి పిలిచినట్టే. అడవిపందికి పెట్టిన ఆ తీగలకు మన మనుషులు కూడా చనిపోతున్నారు.

చేయకూడనివి

మంచి మనసుతో చేసే కొన్ని పనులు కూడా దుప్పికి చెరుపు చేస్తాయి. ఘాట్ రోడ్ల మీద, పార్కుల దగ్గర జనం బియ్యం, అరటిపండ్లు, బిస్కెట్లు వేస్తుంటారు. దుప్పి నెమరు వేసే జంతువు. దాని పొట్టలో గడ్డిని, ఆకును అరిగించే సూక్ష్మజీవులుంటాయి. ఒక్కసారిగా గింజలు, తీపి ఎక్కువగా పడితే పొట్టలో పులుపు పెరిగి జంతువు చచ్చిపోతుంది. ఆవు దొంగతనంగా బియ్యం బస్తా తిని పొట్ట ఉబ్బి పడిపోవడం మీ ఊళ్ళో చూసే ఉంటారు. ఇదీ అదే.

ఒకేచోట కుప్ప పోసి మేపితే ఇంకో ప్రమాదం. అన్నీ ఒకే చోట మూతి పెడతాయి. ఒకదాని రోగం అన్నిటికీ. అమెరికాలో జింకలకు ఒక మెదడు రోగం ఉంది. చిక్కి చిక్కి చనిపోతాయి. 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు. మందు లేదు. రోగకారకం మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకే అక్కడ చాలా రాష్ట్రాల్లో జింకలకు గింజలు పోయడం మీద ఆంక్షలు పెట్టారు. మన దగ్గర పశువుల గాలికుంటు చాలు. పశువుల తొట్టి దగ్గర దుప్పి నీళ్ళు తాగే పరిస్థితి రానివ్వకూడదు. మన పశువులకు టీకా వేయిస్తే అది దుప్పికి కూడా రక్షణే.

చేయదగినవి

మొదటి పని కాగితం పని. మీకు చదువుంది, ఫోనుంది. ఈ సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు పెద్దలను వెంటబెట్టుకుని కొండ ఎక్కండి. ఏ చెట్టు ఎక్కడుంది, ఏ నెలలో రాలుతుంది, ఏ జంతువు వస్తుంది, రాయండి. మన భాషలో పేరు, తెలుగులో పేరు రెండూ రాయండి. పన్నెండు గడులు గీసి నింపితే ఏ గడి ఖాళీగా ఉందో తెలుస్తుంది. మీ కొండకు కావలసిన మొక్క ఆ ఖాళీ గడిలో ఉంటుంది. అమెరికా సంచిలో ఉండదు.

రెండోది విత్తనం. నేరేడు గింజ, ఇప్ప గింజ నిలవ ఉండవు. రాలిన కొద్ది రోజుల్లోనే నాటాలి. ఉసిరికాయను ఎండబెడితే లోపలి పెంకు పగిలి విత్తనం బయటికి వస్తుంది. మేడి, మర్రి, జువ్వి కొమ్మ నాటినా బతుకుతాయి. తొలకరి ముందు ఊరి నర్సరీలో సంచులు నింపుకుంటే వానల్లో నాటవచ్చు.

మూడోది లాంటానా. పైపైన నరికితే రెండింతలు చిగురిస్తుంది. కాలిస్తే మళ్ళీ లేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం ఒక పద్ధతి చెప్పింది. కార్బెట్ పులుల అడవిలో దాన్ని వాడారు. నేలకు రెండంగుళాల కింద, చిగురు పుట్టే భాగం కన్నా కిందికి తల్లివేరును తెగనరికి, పొదను పెకలించి తలకిందులుగా పెట్టాలి. అక్కడే ఎండిపోతుంది. కాయ పండకముందే, నేల మెత్తగా ఉన్న వానల్లో చేయాలి. పిట్టలు రెట్టవేసిన చోట మళ్ళీ మొలకలు వస్తాయి, రెండు మూడేళ్ళు వరసగా వాటిని పీకాలి. ఖాళీ అయిన చోట మన కొండ గడ్డి గింజే చల్లాలి. కార్తీకంలో కంకి పట్టినప్పుడు గడ్డి గింజ దూసి, ఎండబెట్టి, తొలకరికి ఉంచుకోవచ్చు. తెలంగాణలో కవ్వాల్, అమ్రాబాద్ పులుల అడవుల్లో ఇలాగే కలుపు తీసి గడ్డి మైదానాలు పెంచుతున్నారు. నల్లమలలో చెంచు యువకులు బేస్ క్యాంపుల్లో అడవి కాపలా పని చేస్తున్నారు. మనకు రాని పని కాదది.

ఒకేచోట పదెకరాలు తీయకండి. అరెకరం, ఎకరం చొప్పున అక్కడక్కడ. పక్కనే దట్టమైన పొద ఉండాలి. పారిపోయే దారి కనపడని బయలులోకి కణితి రాదు. వాగుకు దగ్గరగా, రోడ్డుకు, చేనుకు దూరంగా చూసుకోండి. ఎండాకాలంలో వాగు ఇసకలో చెలమ తీస్తే మేతకు నీరు తోడవుతుంది.

నాలుగోది నిప్పు. ఇప్పపువ్వు ఏరడానికి ఆకు కాలుస్తాం. ఆ నిప్పు కింద పడ్డ చోట ఆగదు, కొండెక్కుతుంది. లేత మొక్క పోతుంది, పువ్వు, గింజ పోతాయి. కాలిన చోటికి ముందు వచ్చేది లాంటానాయే. చెట్టు కింద ఆకు చీపురుతో ఊడ్చి, పాత చీరో వలో పరిస్తే పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది, ధర కూడా బాగుంటుంది.

ఐదోది కష్టమైన మాట. భూమి పండగ వేట. విల్లు పట్టి ఊరంతా అడవికి కదలడం, ఆడవాళ్ళు దారి కాసి డబ్బులు అడగడం, రేలా పాటలు, ఇవన్నీ మనవి. వాటిని ఎవరూ వదలమనడం లేదు. కాని పది మంది చంపితే తరగని అడవి కాదిప్పుడు. చంపితే కేసు, జైలు, చదువు పాడు. నా ప్రతిపాదన ఒకటుంది. ఊరి మగవాళ్ళంతా అడవి మొత్తం తిరిగే రోజు ఏడాదిలో అదొక్కటే. ఆ రోజు విల్లుతో పాటు ఒక పుస్తకం పట్టుకెళ్దాం. అడుగులు చూసి ఏది దుప్పి, ఏది కణితి అని చెప్పగలిగిన తాతను ముందు నడిపిద్దాం. ఏ వాగులో ఎన్ని జాడలు, ఎక్కడ పెంటిక, రాద్దాం. కనపడ్డ ప్రతి ఉచ్చునూ తెంపి పట్టుకొద్దాం. సాయంత్రం దేవత ముందు ఆ ఉచ్చుల కుప్ప పెడదాం. ఏది చేయాలో, ఏది వద్దో పెద్దలు, కులం, ఊరు కూర్చుని నిర్ణయించాలి. నేను అడుగుతున్నది ఆలోచించమనే.

హక్కు మనదే, బాధ్యతా మనదే

"అడవిలో మొక్క నాటినా గార్డు అడ్డుపడతాడు" అని మీరంటారు. అందుకే చట్టం తెలియాలి. 2006 అటవీ హక్కుల చట్టం అంటే చాలామందికి పోడు పట్టా మాత్రమే గుర్తొస్తుంది. అందులో 3వ సెక్షన్లో ఇంకో హక్కుంది. ఊరు తరతరాలుగా కాపాడుకున్న సామూహిక అటవీ వనరును రక్షించుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు. 5వ సెక్షన్ గ్రామసభకు అడవిని, వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం ఇచ్చింది. జాతీయ ఉద్యానవనాలకు, అభయారణ్యాలకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

కాబట్టి పలుగు పట్టుకుని ఎవరికి వాళ్ళు బయల్దేరకండి. ముందు గ్రామసభలో తీర్మానం రాయించండి. ఏ కొండ, ఏ చోట, ఏ కలుపు తీస్తాం, ఏ మొక్క నాటుతాం అని మీరు గీసిన పన్నెండు గడుల కాగితం జతచేయండి. అది అటవీ అధికారికి, ఐటీడీఏకి ఇవ్వండి. పాపికొండల ఉద్యానవనం లోపలైతే వాళ్ళ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ పనీ మొదలుపెట్టకండి. తీర్మానంతో వెళ్ళిన ఊరి మాటకు, ఒట్టి చేతులతో వెళ్ళిన కుర్రాడి మాటకు తేడా ఉంటుంది. కలుపు తీసే పనికి, నర్సరీకి కూలి కూడా అడగండి. అడవిని కాపాడే పని ఊరికే చేయాల్సిన పని కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు చదువుకోడానికి కొండ దిగారు. రేపు టీచర్లవుతారు, నర్సులవుతారు, కొందరు ఫారెస్టు ఉద్యోగాలకు కూడా వెళ్తారు. వెళ్ళాలి. కాని ఏ మర్రి ఏ నెలలో పండుతుందో తెలిసిన తాత ఇంకా మీ ఊళ్ళో ఉన్నాడు. ఆయన మాట ఏ పుస్తకంలోనూ లేదు. దసరా సెలవులు దగ్గర్లోనే ఉన్నాయి. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను పట్టుకెళ్ళండి. వచ్చే ఏడాది ఇదే రోజున ఎన్ని ఊళ్ళ పన్నెండు గడులు నిండాయో ఇక్కడే కూర్చుని లెక్క చూసుకుందాం.

 జై ఆదివాసీ!